భువనేశ్వర్‌లో 'తెలెంగా', శ్రీకాకుళంలో 'ఒరియా పిల్ల': ఈ ముద్రలతో నెగ్గుకు రావడం ఎలా?

అడిగిన అమ్మాయి ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇల్లు బరంపురం, భువనేశ్వర్‌లో బీటెక్ ఆఖరి సంవత్సరం. హాస్టల్లో పేరు పెట్టి పిలవరు, 'తెలెంగా' (తెలుగుదానా) అంటారు. ఒడియా మాట్లాడితే వెక్కిరిస్తారు. నాలుగేళ్ళుగా ఒకే హాస్టల్లో ఉన్నా వాళ్ళు మారలేదు. సెలవులకి శ్రీకాకుళంలో అమ్మమ్మగారింటికి వెళ్తే అక్కడ 'ఒరియా పిల్ల' అని నవ్వుతారు. గ్రూప్ డిస్కషన్లో నోరు పెగలడం లేదు. యాస మార్చుకోవాలా? రెజ్యూమెలో ఇంటిపేరు తీసేయాలా? ఇలాంటివి దాటి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నాం తల్లీ, చాలామందిమే ఉన్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఒడిశాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఆరు లక్షల పైచిలుకు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఏ తెలుగింట్లో కదిపినా ఇలాంటి కథ ఒకటి బయటికొస్తుంది.

నాదీ బరంపురమే. నేత కుటుంబం. ఒడియా మీడియంలో చదివి, ముప్పై ఏళ్ళ పైచిలుకు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. కటక్ వైపు, రాయగడ వైపు, పర్లాకిమిడిలో, కొన్నాళ్ళు విశాఖలో పనిచేశాను. చివరి ఏళ్ళలో ప్రమోషన్ ఇంటర్వ్యూ బోర్డుల్లో కూడా కూర్చున్నాను. కాబట్టి ముద్ర వేయించుకునేవాళ్ళ బాధా తెలుసు, బల్లకి అటువైపు కూర్చుని మార్కులు వేసేవాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుందో అదీ తెలుసు.

ముందుగా ఒక మాట. నువ్వు రెండు వేరు వేరు విషయాల్ని ఒకే మూటగా కట్టి మోస్తున్నావు. నోటిమాటగా వచ్చే వెక్కిరింత ఒకటి. ఆ ముద్రని పట్టుకుని నీ గురించి తీసుకునే నిర్ణయం ఇంకొకటి: ఏ ప్రాజెక్టులో ఏ పని ఇచ్చారు, ఏ గది ఇచ్చారు, ఎన్ని మార్కులు వేశారు. మొదటిదానికి మనుషులతో పని. రెండోదానికి కాగితంతో పని. వెక్కిరింత మీద కంప్లయింట్లు రాసుకుంటూ, నిర్ణయాల దగ్గర మాత్రం మొహమాటపడి ఊరుకునేవాళ్ళని చాలామందిని చూశాను. చేయాల్సింది దాదాపు దానికి తలకిందులు.

వెక్కిరింత సంగతి ముందు చూద్దాం. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం మంట తగ్గుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. కచేరీల్లో, బళ్ళలో తెలుగువాళ్ళ పైచేయి నడిచేది. ఒడియా మాట్లాడే ఊళ్ళు మద్రాసు, బెంగాల్, సెంట్రల్ ప్రావిన్సుల మధ్య చీలిపోయి, ఎక్కడికక్కడ మైనారిటీగా మిగిలి ఉండేవి. మధుసూదన్ దాస్ 1903లో ఉత్కళ సమ్మేళనం మొదలుపెట్టింది ఈ కడుపుమంటతోనే. అలా భాష ప్రాతిపదికగా దేశంలో మొదట ఏర్పడిన రాష్ట్రం ఒడిశా. మన ఆంధ్ర రాష్ట్రం 1953లో గానీ రాలేదు. అంటే 'తెలుగువాడు వస్తే పెత్తనం చేస్తాడు' అన్నమాట గాల్లోంచి ఊడిపడలేదు. ఏనాటి మద్రాసు గుమాస్తా మీదో ఉన్న కోపం, ఆ గుమాస్తా ఎవరో కూడా తెలియని కుర్రాళ్ళ నోటి నుంచి ఈవేళ నీ మీద పడుతోంది. అది న్యాయమని అనడం లేదు. నీ ముఖం చూసి పుట్టింది కాదు అంటున్నాను, అంతే.

అలాగని మనం పరాయివాళ్ళమూ కాదు. బరంపురం నేతవాళ్ళ పూర్వీకుల్ని మహురి రాజులు రప్పించి పెట్టుకున్నారని పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. రెండేళ్ళకోసారి ఊరు ఊరంతా కదిలే బుఢీ ఠాకురాణి జాత్ర చూశావు కదా? ఆ అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు వచ్చేది మన నేతవాళ్ళ కులపెద్ద దేశీబెహరా వీధికే. పులివేషం కట్టిన ఒడియా కుర్రాడు, ఘటం మోసే తెలుగు ముత్తయిదువ, ఇద్దరూ ఆ పందిరి దగ్గరికే వస్తారు. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి పుట్టింది 1894లో మన బరంపురంలోనే. ఈ సంగతులు ఎవరితోనో వాదించడానికి చెప్పడం లేదు. వాదనలో ఇవి పనికిరావు కూడా, నాలుగు పేర్లు నువ్వు చెబితే నలభై జోకులు వాళ్ళు చెబుతారు. 'నేను ఇక్కడిదాన్నేనా' అనే అనుమానం నీకు రాకుండా ఉండటానికి చెబుతున్నాను.

'తెలెంగా' అని పిలిచినప్పుడు ఏం చేయాలి? నా పద్ధతి చెబుతాను. అన్న ప్రతిసారీ కాదు, మొదట్లో, ఒక్కళ్ళున్నప్పుడు, నవ్వకుండా, కోప్పడకుండా: 'మో నా ధొరి డాకొ', నన్ను పేరు పెట్టి పిలువు. అంతే, దానికి వివరణ జోడించకు. గుంపులో ఈ మాట చెబితే గుంపులో ఉన్నవాళ్ళందరూ ఆ మనిషి పరువు కాపాడటానికి నవ్వుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు చెబితే పదిమందిలో ఏడుగురు మానేస్తారు, ఇది లెక్కేసి చెప్పింది కాదు, అనుభవం మీద ఒక అంచనా. మిగిలినవాళ్ళు ఆ పేరుతో పిలిస్తే పలక్కు. పలకనివాళ్ళని ఎన్నాళ్ళని పిలుస్తారు?

ఇంకొకటి. నాలుగేళ్ళు ఒకే హాస్టల్లో ఉన్నా వాళ్ళు మారలేదని రాశావు. ఆశ్చర్యం ఏమీ లేదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఈ విషయం తేల్చి చెప్పాడు. రెండు వర్గాలు ఊరికే పక్కపక్కన ఉంటే చాలదు, ఒక్కోసారి దూరం ఇంకా పెరుగుతుంది కూడా. ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, సాధించాల్సింది ఒకటే అయి ఉండాలి, ఒకరి మీద ఒకరు ఆధారపడి పని చేయాలి, పైవాళ్ళ మద్దతు ఉండాలి. అప్పుడే ముద్ర పలచబడుతుంది. మా బ్రాంచిలో నాకు ఇది కళ్ళారా కనబడింది మార్చి నెలాఖరు క్లోజింగ్ రాత్రుల్లో. కంప్యూటర్లు లేని రోజులు. లెడ్జర్లు టాలీ కాకపోతే తెల్లారేదాకా ఎవరూ కదలడానికి లేదు. నా లంచ్ బాక్సులో చింతపండు వాసనకి ముక్కు మూసుకుని నాటకమాడే ఒక క్యాషియరు గారు ఉండేవారు. తేడా వచ్చిన పద్దెనిమిది రూపాయల ఇరవై పైసలు ఇద్దరం కలిసి వెతుకుతూ, అర్ధరాత్రి రెండింటికి అదే బాక్సులోంచి పులిహోర తిన్నారు. ఆ తర్వాత నన్ను తెలెంగా అని ఆయన అనలేదు, ఇంకొకరిని అననివ్వలేదు కూడా.

కాబట్టి మీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులో నీకు ఏ భాగం దక్కిందో చూసుకో. పీపీటీ చేయడం, ఖర్చుల లెక్క రాయడం నీకు అంటగట్టి, కోడింగ్, డిజైన్ వాళ్ళు పంచుకుంటే, పక్కపక్కన కూర్చున్నా లాభం లేదు. అది లేకపోతే ప్రాజెక్టే నడవదు అనేంత ముఖ్యమైన ముక్క ఒకటి నువ్వు అడిగి తీసుకో.

ఇక నిర్ణయాల సంగతి. నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది దీని గురించే.

కటక్ దగ్గర ఒక బ్రాంచిలో చేరిన వారానికే మేనేజరుగారు నన్ను బాకీల వసూళ్ళ సెక్షన్లో వేశారు. 'మీ తెలుగువాళ్ళు వడ్డీ లెక్కల్లో గట్టివాళ్ళు, డబ్బు రాబట్టడం మీకు పుట్టుకతోనే వచ్చు' అన్నారు, మెచ్చుకోలుగానే. మా నాన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసిన మనిషి. పట్టునూలు అప్పుగా ఇచ్చిన షావుకారు వారం వారం గుమ్మంలో కూర్చునేవాడు. మా ఇంట్లో వడ్డీలు కట్టినవాళ్ళే గానీ రాబట్టినవాళ్ళు లేరు. ఈ సంగతి మేనేజరుగారికి చెప్పి లాభం ఏముంది? పొగడ్త రూపంలో వచ్చే ముద్రతో ఇదే చిక్కు. కాదంటే 'మెచ్చుకున్నా తప్పేనా' అంటారు.

మొదట్లో బాగానే ఉంది. ఊళ్ళు తిరిగాను, వసూళ్ళు బాగానే చేశాను. అదే కొంప ముంచింది. బాగా చేస్తోంది కదా అని ఆ సీట్లోంచి కదపలేదు. నాతో చేరినవాళ్ళు రుణ పరిశీలన, విదేశీ మారకం సీట్లు చూస్తుంటే నేను జీపులో ఊళ్ళు తిరుగుతున్నాను. ప్రమోషన్‌కి వెళ్ళినప్పుడు అడిగేది 'ఏయే పనులు చేశావు' అని గదా. అప్పుడు ఒక పేజీ ఉత్తరం రాశాను. ఫలానా తేదీ నుంచి ఈ సీట్లో ఉన్నాను, పనుల మార్పిడి ప్రకారం రుణ పరిశీలన సీటు ఇప్పించండి, ఈ ఉత్తరం అందినట్టు సంతకం చేసి ఒక కాపీ నాకివ్వండి. అందులో తెలుగు, ఒడియా అన్న ముక్క ఎక్కడా లేదు. 'తెలుగుదాన్నని ఇలా చేస్తున్నారు' అని రాసి ఉంటే, ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న దాని మీద వాదన జరిగేది. సీటు సంగతి పక్కకి పోయేది. పైగా ఆయన చెడ్డవాడు కాదు, మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రికి పళ్ళు పట్టుకొచ్చిన మనిషి. ఉత్తరం ఇచ్చాక కొన్ని నెలలకి సీటు మారింది.

ఈ పద్ధతి నీకూ పనికొస్తుంది. ల్యాబ్ మార్కులు తగ్గాయనిపిస్తే, ఏ ప్రయోగానికి ఎన్ని వేశారో, వేటిని బట్టి వేశారో చూపించమని మెయిల్ పెట్టు. ఎవరి మనసులో ఏముందో నిరూపించడం బ్రహ్మ తరం కాదు. లెక్క చూపించమనడం మాత్రం మన హక్కు.

అయితే వెక్కిరింత హద్దు మీరితే దానికీ కాగితం ఉంది. ఇది చాలామంది విద్యార్థులకి తెలియదు. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2009లో ర్యాగింగ్ నిషేధ నిబంధనలు తెచ్చింది. 2016లో వాటిని సవరిస్తూ, ప్రాంతం, భాష, పుట్టిన చోటు, కులం, మతం, రంగు, రూపం, ఆర్థిక స్థితి వంటివి పట్టుకుని తోటి విద్యార్థిని వేధించడం, వెలివేసినట్టు చూడటం కూడా ర్యాగింగేనని చేర్చింది. గదిలోకి రానివ్వకపోవడం, గ్రూపుల్లోంచి తీసేయడం, వీడియో తీసి తిప్పడం ఇందులోకే వస్తాయి. హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522. ముందు తేదీలతో రాసుకో, స్క్రీన్‌షాట్లు దాచుకో, వార్డెన్‌కి రాతపూర్వకంగా ఇవ్వు. ఎవరో ఒకడు సాంబార్ జోక్ వేశాడని ఇంత దూరం వెళ్ళమనడం లేదు. వెళ్ళాల్సినంత జరిగితే వెళ్ళడానికి దారి ఉందని తెలిసి ఉంటే, చిన్నవాటిని పట్టించుకోకుండా ఉండే ధైర్యం వస్తుంది.

గ్రూప్ డిస్కషన్లో నోరు పెగలకపోవడం గురించి అడిగావు. అది నీ చేతకానితనం కాదు. క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అనే ఇద్దరు 1995లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. నల్లజాతి విద్యార్థులకి కఠినమైన పరీక్ష పెట్టి, 'ఇది మీ తెలివితేటలు కొలిచే పరీక్ష' అన్నప్పుడు వాళ్ళు తక్కువ చేశారు. అలా అననప్పుడు మెరుగ్గా చేశారు. మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెటూరి పిల్లల చేత చిక్కుదారుల బొమ్మల్లో దారి వెతికించారు. కులం ఊసు లేనప్పుడు అన్ని కులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ కులం పేరు చదివాక, దళిత పిల్లలు పరిష్కరించిన బొమ్మల సంఖ్య పడిపోయింది. పిల్లలు మారలేదు, బొమ్మలూ మారలేదు. తర్వాత పెద్ద ఎత్తున చేసిన కొన్ని ప్రయోగాల్లో ఈ ప్రభావం అంత గట్టిగా కనిపించలేదన్న మాట కూడా నిజమే, అందుకని దీన్ని మంత్రంలా పట్టుకోవద్దు. అయినా జరిగేది ఏమిటో నీకూ నాకూ తెలుసు. నోరు తెరిచే ముందు బుర్రలో సగం 'ఏం చెప్పాలి' అన్న దాని మీద, మిగతా సగం 'నా యాస బయటపడిందా' అన్న దాని మీద పనిచేస్తుంటే మాట ఎలా వస్తుంది?

దీనికి నాకు తెలిసిన మందు, తొలి నిమిషంలోనే నోరు తెరవడం. గొప్ప పాయింటు అక్కర్లేదు. 'మనం ముందు ఖర్చు గురించి, తర్వాత లాభం గురించి మాట్లాడదాం' అన్నా చాలు. ఒక్కసారి నీ గొంతు నీకే వినబడ్డాక ఆ గుబులు తగ్గుతుంది. ఆలస్యం చేసేకొద్దీ 'నేను మాట్లాడటం లేదు' అన్న టెన్షన్ కూడా తోడవుతుంది. హాస్టల్లో ఇద్దరు ముగ్గురితో కలిసి, టైమర్ పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ ప్రాక్టీసు చెయ్యి. విన్నాక నీకే తెలుస్తుంది, నువ్వు భయపడినంతగా యాస వినిపించదు. వాక్యాలు మధ్యలో వదిలేయడమే ఎక్కువ వినిపిస్తుంది. దిద్దుకోవాల్సింది అది.

యాస గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యాస దాచుకోవడం వేరు, భాష మెరుగుపరుచుకోవడం వేరు. మనం నోరు తెరిచి 'అ' అనేచోట ఒడియావాళ్ళు గుండ్రంగా 'ఒ' అంటారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో తెలుగు మాట్లాడినవాళ్ళకి అది పూర్తిగా పట్టుబడటం కష్టం, అవసరమూ లేదు. రాత మాత్రం ఎవరికైనా పట్టుబడుతుంది. నేను రోజూ 'సమాజ' పేపరు చదివి, ఆఫీసు ఒడియాలో ఉత్తరాలు రాయడం నేర్చుకున్నాను. కటక్‌లో పుట్టి పెరిగినవాళ్ళు కూడా లాయరు నోటీసుకి జవాబు రాయాలంటే నా టేబుల్ దగ్గరికి వచ్చేవారు. మాట్లాడితే నవ్వినవాళ్ళే, డ్రాఫ్టు కావాలంటే కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

ఇప్పుడు శ్రీకాకుళం వైపు చూద్దాం. మనవాళ్ళ చేత అనిపించుకోవడం ఇంకా బాధ. నా పెళ్ళిచూపులకి రాజమండ్రి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మేనత్తగారు చేతిసంచిలో తెలుగు పేపరు పెట్టుకుని వచ్చారు. కాఫీలు అయ్యాక అది నా చేతిలో పెట్టి, 'ఒరిస్సా పిల్లవి కదమ్మా, తెలుగు చదవడం వచ్చో రాదో, ఒక పేరా చదువు' అన్నారు. మా తాతయ్య ఇసకలో వేలు పట్టి దిద్దించిన అక్షరాలు. గడగడా చదివేశాను. చదివి, పేపరు మడత పెట్టకుండా అబ్బాయి చేతికిచ్చి, 'మీరు కూడా ఒక పేరా చదవండి, ఇద్దరిదీ చూసినట్టుంటుంది' అన్నాను. పాపం ఆయన కాన్వెంటులో చదువుకున్నాడు. 'ప్రత్యామ్నాయం' దగ్గర ఆగిపోయాడు. మా నాన్న కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. ఆ సంబంధం కుదరలేదని వేరే చెప్పక్కర్లేదు.

మీ అమ్మమ్మగారింట్లో పిల్లలు నీ 'వచ్చీసాను', 'తినీసాను' విని నవ్వుతున్నారంటే నాకు వింతగా ఉంది, ఎందుకంటే శ్రీకాకుళంలో మూడొంతుల మంది అలాగే మాట్లాడతారు. సినిమాల్లో ఆ యాసని వంటవాడికీ, నౌకరుకీ పెట్టీ పెట్టీ వాళ్ళకే అది చిన్నతనం అయిపోయింది. తమని చూసి నవ్వేవాళ్ళ దగ్గర పడ్డ అవమానాన్ని సరిహద్దు దాటించి నీ మీద దించుకుంటున్నారు. వాళ్ళకి ఒకటి గుర్తు చెయ్యి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తారే, ఆ గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని ఆయన పోరాడింది ఈ సరిహద్దు ఊళ్ళో కూర్చునే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. అంత ప్రేమ ఈ ఊళ్ళ తెలుగు మీద.

ఆయన గురించి ఇంకో సంగతి, మనం తక్కువగా తలుచుకునేది. చుట్టుపక్కల కొండల్లోని సవర ఆదివాసీలని అందరూ ఏమీ తెలియనివాళ్ళ కింద జమకట్టిన రోజుల్లో, ఆయన వాళ్ళ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఈ మాట ఎందుకెత్తానంటే, ముద్రలు వేయించుకోవడమే కాదు, వేయడంలోనూ సరిహద్దు తెలుగువాళ్ళం ఎవరికీ తీసిపోం. రాయగడ వైపు మార్కెట్లో ఒక పూట నిలబడు. 'కొండోళ్ళకేం తెలుసు' అన్నమాట ఎన్నిసార్లు వినబడుతుందో.

అక్కడ మా బ్రాంచిలో ఒక గుమాస్తా ఉండేవాడు, మన తెలుగు కుర్రాడే. కొండల నుంచి దిగి వచ్చిన మనిషి కౌంటరు ముందు కనబడితే చాలు, అడక్కుండానే స్టాంపు ప్యాడు తెరిచి ముందుకు తోసేవాడు. ఒక రోజు కొంధు తెగ ఆవిడ ఒకావిడ ఆ ప్యాడుని వేలి చివరతో పక్కకి జరిపింది. కౌంటరుకి దారం కట్టి వేలాడేసిన పెన్ను అందుకుంది. సిరా రాలేదు. పెన్ను విదిలించి, ఫారం వెనక గీత గీసి చూసి, నిదానంగా ఒడియాలో సంతకం పెట్టింది. ఖాతాదారు నమూనా సంతకం ఉండే స్పెసిమెన్ కార్డు తీయించి చూశాను. దాని మీదా సంతకమే ఉంది! అంటే అంతకుముందు ఆవిడకి వేలిముద్ర మీద ఇచ్చిన చెల్లింపులన్నీ కార్డు చూడకుండా ఇచ్చినవే. బ్యాంకు భాషలో అది పెద్ద తప్పు. ఉద్యోగం పోగొట్టగల తప్పు.

ఆ కుర్రాడికి నేను ఆదివాసీల గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. కౌంటరుకి వచ్చిన ప్రతి మనిషినీ, లుంగీ కట్టినా సూటు వేసినా, 'సంతకమా, వేలిముద్రా?' అని అడగాలి, కార్డు చూడాలి అన్నాను. సూటు వేసుకున్న ఒక కాంట్రాక్టరుకి ఆ ప్రశ్న కోపం తెప్పించింది. తెప్పించనీ. కొన్నాళ్ళకి స్టాంపు ప్యాడు దానంతటదే సొరుగులోకి వెళ్ళింది. మనిషి మనసు మారిందో లేదో నాకు తెలియదు. కౌంటరు దగ్గర జరిగే పని మారింది.

ఇంటర్వ్యూ బోర్డుల్లోనూ చూసింది ఇదే. ఒక్కొక్కరిని ఒక్కోరకంగా, నోటికొచ్చినట్టు ప్రశ్నలు అడిగే బోర్డులో తొలి రెండు మూడు నిమిషాల్లోనే ముద్ర పడిపోతుంది. మిగతా టైమంతా దాన్ని బలపరుచుకోవడానికే పోతుంది. అందరికీ అవే ప్రశ్నలు, ముందే రాసిపెట్టుకున్న మార్కుల పట్టిక, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా వేయడం ఉన్న బోర్డులో దక్షిణ జిల్లాల పిల్లలు నా కళ్ళ ముందే మెరుగ్గా వచ్చేవారు. ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో కనిపెట్టడానికి కూడా కబుర్ల ఇంటర్వ్యూ కన్నా ఇలాంటి ఇంటర్వ్యూయే నమ్మదగ్గదని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి.

నువ్వు బోర్డుని మార్చలేవు కదా, కానీ ఒకటి చేయగలవు. మనవాళ్ళు లోపలికి వచ్చి కూర్చుంటూనే 'సార్, నాది బరంపురం, నా ఒడియా అంత బాగోదు, సారీ' అని మొదలుపెట్టేవారు. అడగని లోపాన్ని మనమే చూపిస్తే, బల్ల అవతలివాళ్ళు ఆ తర్వాత ప్రతి వాక్యంలో దాన్నే వెతుకుతారు. క్షమాపణ మానెయ్యి. 'మీ గురించి చెప్పండి' అంటే 'ఇంట్లో తెలుగు, బయట ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, మూడింట్లో పనిచేయగలను' అని ఒక్క వాక్యం చెప్పి, వెంటనే ప్రాజెక్టులోకి వెళ్ళిపో. గోపాల్‌పూర్ పోర్టులో, రాయగడ చుట్టుపక్కల కాగితం మిల్లులో, ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీల్లో రెండు భాషల మనిషి ఎంత అక్కరో అక్కడి సూపర్‌వైజర్లని అడిగితే చెబుతారు.

ప్రభుత్వ ఉద్యోగాల ఆలోచన ఉంటే ఒక అసలైన అడ్డంకి గురించి చెప్పాలి, ఇది ముద్ర కాదు, నిబంధన. ఒడిశా ప్రభుత్వ పోస్టులకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. ఏడో తరగతిలో గానీ ఆపై తరగతిలో గానీ ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఆ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. ఇంగ్లీషు మీడియంలో హిందీ, సంస్కృతం తీసుకున్న మన పిల్లలు నోటిఫికేషన్ వచ్చాక ఇది చూసి లబోదిబోమంటారు. నీ ఏడో తరగతి, పదో తరగతి మార్కుల లిస్టులు ఇవాళే తీసి చూడు. ఆంధ్ర వైపు ప్రయత్నిస్తే అక్కడ స్థానికత చదివిన చోటుని బట్టి లెక్కిస్తారు. అమ్మమ్మగారి ఊరు లెక్కలోకి రాదు. నిన్ను నాన్‌లోకల్ అంటే మనసుకి తీసుకోకు, అది ఫారంలో గడి.

చివరిగా ఇంటిపేరు. రెజ్యూమెలోంచి తీసేయొద్దు. ధైర్యం కోసమో, పౌరుషం కోసమో కాదు, ఆఫర్ లెటర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో ఇరుక్కుంటావు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశాలో చివర రాస్తారు. ఒక సర్టిఫికెట్లో పొడి అక్షరం, ఇంకోదాంట్లో పూర్తి పేరు, ఆధార్‌లో ఒడియా ఉచ్చారణకి తగ్గ స్పెల్లింగు, పాన్‌లో నాన్న పేరు తారుమారు, మన ఇళ్ళలో ఇది మామూలే. పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో అదే ప్రమాణంగా పెట్టుకుని, మిగతావి దానికి సరిపోయేలా దిద్దించు. అఫిడవిట్, నోటరీ, ఆధార్ సెంటరులో అపాయింట్‌మెంటు, అన్నీ టైము తీసుకునే పనులు. ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపు పూర్తవ్వాలంటే ఈ వారమే మొదలుపెట్టు. ఏ కాగితంలో ఏముందో రాసి ఇక్కడ పెడితే ముందు ఏది మార్పించాలో చెబుతాను. నంబర్లు మాత్రం కనబడకుండా కొట్టేసి పెట్టు.